తగ్గుదలకు టీచరమ్మ నేర్పిన మాటలు

"ఉప్మా ఉండ కట్టిందే, హుస్సేనమ్మా."

"మీరు కబుర్లు చెప్పుకుంటా తింటాంటే ఉండ కట్టక ఏమైతాది టీచరమ్మా? నమలండి."

"నమిలేది నా పళ్లే కదా. నువ్వు బయల్దేరు, విమానం నీ కోసం ఆగదు."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవే. 2007లో, షార్జాలో, వాళ్ల ఇంట్లో భోజనాల బల్ల దగ్గర. నేను పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె చెంచా పట్టుకుని కూర్చుని ఉంది. అంతకు ఏడాది ముందు ఆ చెంచా ఆమె చేతిలో నుంచి పోవాల్సింది. ఎలా పోలేదో చెప్పాలనే ఇదంతా రాయిస్తున్నాను.

రాసేది మా చెల్లెలి కూతురు ఫాతిమా. నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద నంబరు గుర్తుపడతాను, అంతే. నేను మా రాయచోటి మాటలో చెబుతుంటే ఈ పిల్ల పుస్తకం మాటలోకి మార్చి రాస్తోంది. ఇంట్లో జబ్బుపడిన పెద్దవాళ్లను చూసుకునే పని ఎలా ఉంటుందని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. గల్ఫులో నేను చేసింది ఆ పనే. మా పనిలో మనిషిని కేసు అంటారు, తప్పుగా అనుకోవద్దు. చాలా కేసులు చూశాను. మరిచిపోలేనిది మాత్రం ఇదొక్కటే.

మా ఆయన అబూధాబి బయట మఫ్రఖ్ క్యాంపులో ఉండి మేస్త్రీ పని చేసేవాడు. అక్కడే గుండె ఆగి పోయాడు. ఆ మరుసటి ఏడు, 2003లో, నేను ఇంటిపని వీసా మీద అదే దేశంలో దిగాను. మనకు వీసా తీసి పనిలో పెట్టుకున్నవాళ్లను అక్కడ కఫీల్ అంటారు. నా కఫీల్ శ్రీధర్ సారు. తెనాలి వైపు మనిషి, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయన భార్య మాధవమ్మ దుబాయ్‌లో డేరా అనే చోట ఒక బ్యాంకులో పనిచేసేది. శ్రీధర్ సారు వాళ్లమ్మ అన్నపూర్ణమ్మ. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. అందరూ టీచరమ్మ అనేవాళ్లు, నేనూ అంతే.

ఆమెకు పార్కిన్సన్స్ అనే జబ్బు. చేతులు వణుకుతాయి. ఒళ్లు చెక్కలా బిగుసుకుంటుంది. నడుస్తూ నడుస్తూ పాదం నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతుంది. అలా ఆగిపోవడాన్ని ఫ్రీజింగ్ అంటారు. దానికి పొద్దున నుంచి రాత్రి దాకా వేళ తప్పకుండా వేసే మాత్ర ఉంది. ఆ మాత్ర పనిచేస్తున్నంత సేపు మనిషి ‘ఆన్’లో ఉందంటారు. దాని పని అయిపోగానే ‘ఆఫ్’లోకి వెళ్లిందంటారు, లైటుకు చెప్పినట్టే. నేను చేరిన కొత్తలో టీచరమ్మ ఎక్కువసేపు ఆన్‌లోనే ఉండేది. నేను చీపురు ఎలా పట్టుకోవాలో కూడా ఆమే చెప్పేది. నాకు ఒళ్లు మండేది.

అదే బిల్డింగులో కింది అంతస్తులో లిస్సీ అని మలయాళీ నర్సు ఉండేది. క్లినిక్కులో డ్యూటీ దిగి పైకి వచ్చి, టీచరమ్మకు బీపీ చూసి వెళ్లేది. నాకు వచ్చింది తెలుగు, విరిగిన ఉర్దూ. ఆమెకు వచ్చింది మలయాళం, ఇంగ్లీషు, నా ఉర్దూకు చెల్లెలి లాంటి హిందీ. మా ఇద్దరి మధ్య ముక్కలు ముక్కలుగా నడిచేది.

"కైసా హై అమ్మా?" అని అడిగేది లిస్సీ.

"డౌన్, సిస్టర్."

"కల్ కైసా థా?"

"కల్ భీ డౌన్."

ఒకరోజు ఆమె వెళ్లిపోయాక టీచరమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఏమే, నేనేమన్నా లిఫ్టునా? ఎప్పుడు చూసినా డౌన్, డౌన్ అంటావు?"

"ఇంకేం చెప్పల్ల టీచరమ్మా? నాకొచ్చిన ఇంగ్లీషు ఆ లిఫ్టు కాడ నేర్చిందే."

"ఎలా తగ్గుతున్నానో చెప్పు. తగ్గడంలో ఎన్నో రకాలున్నాయి. నా ఒంటి సంగతి డాక్టరు దాకా నీ నోటి మీదుగానే పోవాలి. నీ దగ్గర ఒక్క మాటే ఉంటే, నా జబ్బు ఆ ఒక్క మాటలో ఇరుక్కుంటుంది."

ఆ రోజు నుంచి నాకు పాఠం మొదలైంది. నేను ఆమె కాళ్లకు నూనె రాస్తూ కూర్చుంటే ఆమె చెప్పేది. పలక లేదు, బలపం లేదు. కంటికి కనబడిన వస్తువే పలక.

"ఇంగ్లీషువాడు ముందు ఒక మాట చెప్పి, దాని వెనక చిన్న తోక తగిలిస్తాడు. ఆఫ్, అవే, డౌన్, అవుట్. తగ్గేది ఎటు తగ్గుతోందో ఆ తోక చెబుతుంది. ఇప్పుడు చూడు, శుక్రవారం పొద్దున నువ్వు అత్తరు పూసుకుంటావు. సాయంత్రానికి ఏమవుతుంది?"

"పోతాది."

"మళ్లీ పూసుకుంటే?"

"మళ్లీ వస్తాది. అది కూడా తెల్దా మీకు?"

"అది వేర్ ఆఫ్. పని చేసి చేసి దాని సత్తువ అయిపోవడం. ఇప్పుడు ఆ బాల్కనీ కర్టెన్ చూడు. కొన్నప్పుడు నీలం. ఇప్పుడేం రంగు?"

"బూడిద."

"ఉతికితే నీలం వస్తుందా?"

"యాడొస్తాది? ఎండ తినేసింది గదా."

"అది ఫేడ్ అవే. పోయింది పోయినట్టే."

బయట ఇసుకగాలి లేచి కిటికీలు కొట్టుకుంటుంటే, అది సద్దుమణిగేదాకా నన్ను పక్కన కూర్చోబెట్టి ‘డై డౌన్’ అంటే ఏమిటో చెవులతో వినమంది. వేసవిలో మా చెయ్యేరు నీళ్లు సన్నగా పారి పారి ఇసుకలో కనబడకుండా పోతాయని నేను చెబితే, ఆమె ముఖం విప్పారింది. "పీటర్ అవుట్! నీకు ఆ మాట ముందే తెలుసే. ఇంగ్లీషులో తెలీదు, అంతే" అంది. టార్చిలైటు గుడ్డిదైతే ‘రన్ డౌన్’. ఆమె గొంతు మొదట్లో గట్టిగా లేచి, మాట చివరికొచ్చేసరికి గొణుగుడై పోయేది. అది ‘ట్రెయిల్ ఆఫ్’. తన జబ్బునే చూపించి చెప్పేది, ఎక్కడా సిగ్గుపడేది కాదు.

ఒకసారి విసుగొచ్చి అడిగాను. "తగ్గిపోయేదానికి ఇంగ్లీషోళ్లకు ఇన్ని మాటలెందుకు టీచరమ్మా?"

"వాళ్ల రాజ్యం కొంచెం కొంచెంగా పోయిందిగా. అవసరం పడ్డాయి" అంది. తన మాటకు తనే నవ్వింది, ఆ నవ్వుకు పొలమారింది. నేను వీపు నిమరాల్సి వచ్చింది.

నేను ఇల్లంతా ఆ మాటలే వాడేదాన్ని. గ్యాస్ రన్ డౌన్ అవుతాంది అనేదాన్ని. మాధవమ్మ తలపట్టుకుని, "అత్తయ్యా, హుస్సేనమ్మకు పాఠం చెప్పి నాకు పరీక్ష పెడుతున్నారు మీరు" అనేది. లిస్సీ మాత్రం నవ్వలేదు. నేను ‘డౌన్’ మానేసి ‘వాయిస్ ట్రెయిల్ ఆఫ్, లెగ్ ఓకే’ అంటుంటే ఆమె నిలబడి వినడం మొదలుపెట్టింది. అంతకు ముందు బీపీ చూసి, పోతూ పోతూ గుమ్మంలో అడిగి వెళ్లిపోయేది.

2006 వచ్చేసరికి ఆమె బాగా తగ్గింది. మాత్ర వేస్తే ఒకప్పుడు మధ్యాహ్నం దాకా నిలిచే ఆన్, ఇప్పుడు వచ్చీరాకుండానే పోయేది. కొన్ని పూటలు అసలు వచ్చేదే కాదు. ఒళ్లు చిక్కింది. నేను స్నానం చేయిస్తుంటే భుజం ఎముక చేతికి తగిలేది. "వేస్ట్ అవే అని చెప్పు లిస్సీకి. మొహమాటపడకు, చిక్కేది నా ఒళ్లే" అంది టీచరమ్మ. అదే ఆమె నేర్పిన చివరి మాట. ఆ తరువాత పాఠం చెప్పే ఓపిక లేకపోయింది.

మాధవమ్మ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. అత్తాకోడళ్లకు మాటామాటా వచ్చేది గానీ, ఆమె చేసినంత సేవ కన్నతల్లికి కూతుళ్లు చేయడం కూడా నేను అరుదుగా చూశాను. మాత్ర పరగడుపున వేస్తే కడుపు మండుతుందని మన ఇళ్లలో అందరూ అనుకునేదే. పైగా చిక్కిపోతున్న మనిషి. అందుకని ప్రతి మాత్రనూ పొడి చేసి చిక్కటి పాలలో కలిపించేది. ఆ పాలలో బాదం ముద్ద, డబ్బాలో వచ్చే ప్రోటీన్ పొడి. తరువాత మెత్తటి పప్పన్నం, గడ్డపెరుగు. బ్యాంకుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటూ కూడా, "హుస్సేనమ్మా, పాలు లేకుండా మాత్ర వేయకు" అని చెప్పి వెళ్లేది. టీచరమ్మ చిక్కే కొద్దీ గ్లాసులో పాలు చిక్కబడ్డాయి.

తరువాత మింగడం కష్టమైంది. ముద్ద బుగ్గన నిలిచిపోయేది. నీళ్లు తాగితే దగ్గు తెర. ఒక పూట పప్పన్నం ఊపిరి గొట్టంలోకి వెళ్లి ఆమె పెదాలు నల్లబడ్డాయి. నేను ముందుకు వంచి వీపు మీద చరిచి బయటికి తీశాను గానీ, ఆ భయం ఇంట్లో అందరికీ పట్టుకుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. వీల్‌చెయిర్‌లో ఆమె ఒక పక్కకు ఒరిగిపోయి, నోరు తెరుచుకుని ఉంది. డాక్టరు మంచి మనిషే. చాలాసేపు చూశాడు. మాత్రలు వేళకు వేస్తున్నారా అని అడిగాడు. వేస్తున్నామని సారు చెప్పాడు. అది నిజమే. ఆయన సారును పక్కకు పిలిచి ఇంగ్లీషులో చెప్పాడు. అందులో నాకు తెలిసిన మాట ఒకటి వినబడింది. ఫేడింగ్ అవే.

కారులో సారు తెలుగులో చెప్పాడు. "మింగే శక్తి పోయిందంట. ఇంక నోటితో పెట్టడం ప్రమాదమంట. గొట్టం వేసి దాని ద్వారా ఆహారం పంపాలంట."

వెనక సీట్లో నా భుజం మీద వాలి ఉన్న టీచరమ్మ ఏదో అంది. నేను చెవి దగ్గర పెట్టాను.

"నోరు... నాకు... వదిలేయమను."

సారు అద్దంలో నుంచి చూశాడు. "ఏమంటోంది?"

"నోరు వదిలేయమంటాండాది సార్."

సిగ్నల్ పచ్చ పడినా కారు కదల్లేదు. వెనకవాళ్లు హారన్ కొట్టారు. ఆమె ముప్పై ఏళ్లు నోటితో బతికిన మనిషి. ఆ నోటికి ముద్ద కూడా లేకుండా చేయడమా, లేక ఒక పూట పొలమారి పోతుంటే చూస్తూ కూర్చోవడమా. ఏ కొడుకు తేల్చుకోగలడు? డాక్టరు మళ్లీ రమ్మన్న రోజుకు సారు తన మాట చెప్పాలి. ఈలోగా టీచరమ్మ భర్త తద్దినం వచ్చింది.

ఆ ఇంట్లో తద్దినం పద్ధతిగా చేసేవాళ్లు. బర్‌దుబాయ్ నుంచి పంతులుగారు వచ్చేవారు. ఆ పూట వంటిల్లు మడి. మాధవమ్మ ముందు రోజే నా దగ్గరికి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"హుస్సేనమ్మా, రేపు వంట అయ్యేదాకా వంటింట్లోకి రావద్దమ్మా. ఏమనుకోకు."

"అనుకునేదేముంది మాధవమ్మా? ఒక పూట గిన్నెలు తోమే పని తప్పుతాది. మీరు రోజూ తద్దినం పెట్టినా నాకేం బాధ లేదు."

ఆమె నవ్వేసింది. చిక్కంతా టీచరమ్మతో వచ్చింది. భర్త భోక్తల రూపంలో భోంచేసేదాకా తను ఏమీ ముట్టనని పట్టుబట్టింది. మాట రాకపోతే తల అడ్డంగా ఊపింది. సారు బతిమాలాడు. చివరికి పంతులుగారే ఫోనులో, "మందుకు దోషం లేదు నాయనా, నీళ్లతో ఇవ్వండి" అన్నారు. వంటింట్లోకి నేను పోకూడదు. పాలు తెచ్చేవాళ్లు లేరు. తెచ్చినా ఆమె తాగదు. పొద్దున మాత్ర నలిపి చెంచాడు నీళ్లలో కలిపి, మెడ కొంచెం ముందుకు వంచి, బుగ్గ పక్కన పోశాను. తరువాతి మాత్ర కూడా అంతే.

హాల్లో మంత్రాలు వినబడుతున్నాయి. నేను ఆమె జడ అల్లుతున్నాను. జడ సగంలో ఉండగా ఆమె తల నిటారుగా నిలబడింది. నేను పట్టుకోలేదు, అదే నిలబడింది.

"హుస్సేనమ్మా, నా కళ్లజోడు ఎక్కడ?"

చివరి అక్షరం దాకా వినబడింది. ఆమె నా మోచెయ్యి పట్టుకుని లేచింది. మెల్లగా, కానీ పాదం ఎక్కడా అంటుకోకుండా, హాలు గుమ్మం దాకా నడిచింది. విస్తళ్ల ముందు కొడుకు పంచె కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"శ్రీధరా, నెయ్యి వడ్డించావా? నాన్నకు నెయ్యి లేకపోతే ముద్ద దిగదు."

సారు తిరిగి చూశాడు. మాధవమ్మ వంటింటి గుమ్మంలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పంతులుగారు, "పెద్దాయన ఆశీర్వాదం తల్లీ, స్వయంగా వచ్చి లేపారు" అన్నారు. మా ఆయన కూడా ఒకసారి అట్లా వచ్చి నన్ను లేపితే ఎంత బాగుండు అనిపించింది.

భోక్తలు తిన్నాక ఆమె కూడా బల్ల దగ్గర కూర్చుని తింది. గారె చిన్న ముక్కలు చేసి పెట్టాను. పాయసం తాగింది. అన్నీ మింగింది, దగ్గు రాలేదు. సాయంత్రం మాత్ర మళ్లీ మామూలుగా పాలతోనే వేశాం. వేసినా లాభం లేకపోయింది. పొద్దు గూకేసరికి మళ్లీ బిగుసుకుపోయింది. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు, పాలు, పప్పు, పెరుగు. మనిషి మళ్లీ చెక్క.

ఇంట్లో వాళ్లకు ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. పోయేముందు ఇట్లాగే ఒకసారి తేరుకుంటారంట కదా. నాన్న వచ్చి చెప్పి వెళ్లారు, ఇక రోజులు దగ్గర పడ్డాయి అన్నాడు సారు. "ఉన్న నాలుగు రోజులు ఆకలితో ఉంచలేను. గొట్టం వేయించేద్దాం" అని మాధవమ్మతో అంటుంటే విన్నాను. టీచరమ్మ కూడా విన్నది. కళ్లు మూసుకుంది, కళ్ల కొసల నుంచి నీళ్లు కారి దిండు మీద పడ్డాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. నేనే తుడిచాను.

ఆ సాయంత్రం లిస్సీ వచ్చింది. సారు ఆమెకు విషయం చెప్పాడు. ఆమె లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుని నా వైపు చూసింది.

"ఫేడింగ్ అవే?"

నాకు కర్టెన్ గుర్తొచ్చింది. పోతే రాదు కదా ఆ రంగు. మరి ఈమెకు తద్దినం రోజు వచ్చింది కదా.

"నో సిస్టర్. ఫేడ్ అవే నో. వేర్ ఆఫ్. గయా, ఫిర్ ఆయా, ఫిర్ గయా."

"కబ్ ఆయా?"

నాకు చేతనైనట్టు ఆ రోజు సంగతి చెప్పాను. పూజ, పొగ, మంత్రాలు, చనిపోయిన పెద్దాయన రావడం, ఆమె లేవడం. లిస్సీ చనిపోయిన పెద్దాయనను పట్టించుకోలేదు.

"ఉస్ దిన్ అలగ్ క్యా థా? సబ్ బోలో, సుబహ్ సే." ఆ రోజు తేడా ఏముందో పొద్దున నుంచి అంతా చెప్పమంది.

"కిచెన్ నో గో. పూజా హై నా. మై ముసల్మాన్. మిల్క్ నో. దాల్ నో. కర్డ్ నో. టాబ్లెట్, ఓన్లీ పానీ."

లిస్సీ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "ఫిర్ బోలో. మిల్క్ నో?"

"నో."

"రోజ్ మిల్క్?"

"రోజ్. టాబ్లెట్ కే సాథ్. పౌడర్ డాల్‌కే, ఫుల్ గ్లాస్."

ఆమె లేచి హాల్లోకి వెళ్లి అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసింది. మాట్లాడుతూ అటూ ఇటూ నడిచింది. ఫోను పెట్టేసి సారుకు, మాధవమ్మకు చెప్పింది. నాకు తరువాత మాధవమ్మ తెలుగులో చెప్పింది. పాలు, పప్పు, పెరుగులో ఉండే ప్రోటీన్, ఆ మాత్ర మందు, రెండూ ఒంట్లో ఒకే దారిన వెళ్లాలి. దారి ఇరుకు. రెండూ ఒకేసారి వస్తే ప్రోటీనే ముందు దూరుతుంది, మందు బయటే నిలబడిపోతుంది. కొంతమందికి అది మరీ ఎక్కువ. మాత్ర పని త్వరగా అయిపోవడాన్ని డాక్టర్లు కూడా వేరింగ్ ఆఫ్ అనే అంటారంట. గొట్టం గురించి తేల్చేముందు పద్ధతి మార్చి చూద్దామన్నాడంట డాక్టరు. ముందు నీళ్లతో మాత్ర, ఆ తరువాత తిండి, పాలూ పప్పూ రాత్రి పూటకు మాత్రమే.

అప్పుడు మాధవమ్మ ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను.

"ఎండిపోతున్న మనిషికి పాలు మానేయమంటావా లిస్సీ? నేను పొద్దున్నే లేచి బాదం తొక్క తీసి నూరింది అత్తయ్యకు అడ్డం పడడానికా?"

అప్పుడు మంచం మీద నుంచి, గొణుగుడుగా, టీచరమ్మ గొంతు వచ్చింది. మాధవమ్మ పరుగెత్తుకు వెళ్లి వంగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"నూరు తల్లీ. రాత్రికి... తాగుతాను."

మరుసటి రోజు నుంచి పద్ధతి మార్చాం. లేవగానే నీళ్లతో మాత్ర. కాసేపు ఆగి గంజి, అరటిపండు, ఉప్మా. మొదటి పూటే ఏదో అయిపోయిందని చెప్పను. ఒకరోజు బాగుంటే ఒకరోజు మామూలే. మధ్యలో ఒక రోజు సారు ఓపిక పోయి, "ఇది కూడా పనిచేయడం లేదేమో హుస్సేనమ్మా" అన్నాడు.

"సార్, పొద్దున మెడ నిలబడింది. మధ్యాన్నం పాదం కదిలింది. నిన్న రెండూ లేవు. నేను చూసేదే చెప్తాండ, ఇంకేం తెల్దు నాకు" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాడు. ఆ రోజు ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళ్లాడు. వెళ్లేముందు వాళ్లమ్మ ఆయన కాలరు మడత సరిచేయడానికి చెయ్యి ఎత్తింది. చెయ్యి వణుకుతోంది, కానీ కాలరు దాకా వెళ్లింది.

వారం గడిచాక ఆన్ నిలబడడం మొదలైంది. ఆన్‌లో ఉన్నప్పుడు గొంతు కండరాలు కూడా కదులుతాయి. అందుకని ఆ సమయం చూసుకుని తినిపించేదాన్ని. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించి, చిన్న ముద్ద, మింగాక ఇంకో ముద్ద. రాత్రి మాధవమ్మ బాదం పాలు తెచ్చేది. ఇంక పడుకునేదే కాబట్టి ఆఫ్‌లోకి పోయినా ఇబ్బంది లేదు. "నీ పాలే నన్ను జోకొడుతున్నాయే" అనేది టీచరమ్మ కోడలితో.

డాక్టరు చెప్పిన రోజు వచ్చింది. ఈసారి మాత్ర వేళ చూసుకుని బయల్దేరాం. వీల్‌చెయిర్‌లోనే వెళ్లింది గానీ, డాక్టరు గదిలోకి నా చెయ్యి పట్టుకుని నడిచింది. ఆయన గ్లాసుతో నీళ్లు ఇచ్చి, గొంతు మీద వేళ్లు పెట్టి తాగమన్నాడు. తాగింది. బిస్కెట్టు ఇచ్చాడు. నమిలి మింగింది. గదిలో సారు, నేను, లిస్సీ, ముగ్గురమూ ఆమె గొంతునే చూస్తున్నాం. ఆమెకు చికాకు వచ్చింది.

"బిస్కెట్టు తినడం ఎప్పుడూ చూడలేదా మీరు?" అంది తెలుగులో.

డాక్టరుకు అర్థం కాకపోయినా నవ్వాడు. ఎలా ఉన్నారని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె వీపు నిటారుగా చేసి, తరగతిలో చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి జవాబు చెప్పింది. "ఐ యామ్ స్లోయింగ్ డౌన్, డాక్టర్. సో విల్ యూ, ఒన్ డే." డాక్టరు గట్టిగా నవ్వి కాగితం మీద ఏదో రాశాడు. ట్యూబ్ ఇప్పుడు అవసరం లేదన్నాడు. సారు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. బయటికి వచ్చాక లిస్సీకి, నాకు పాలు లేని సులేమానీ టీ తాగించాడు. తన కప్పు మాత్రం తాగడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

జబ్బు పోలేదు. అది పోయే జబ్బు కాదు. ఆ తరువాత కూడా మాత్రలు మార్చాల్సి వచ్చింది, నడక తగ్గింది, కొన్ని పూటలు మాట రాలేదు. కానీ ఆ ఇంట్లో ఆమె తిట్లు మళ్లీ మొదలయ్యాయి, చీపురు సంగతితో సహా. నేను మా కూతురు పురుడు కోసం 2007లో వచ్చేశాను. కొన్ని నెలలకు మాధవమ్మ ఫోన్ చేసింది. టీచరమ్మ నిద్రలోనే పోయిందంట. "రాత్రి ఎప్పటిలాగే తిన్నారు హుస్సేనమ్మా. వాళ్ల నాన్న పాటలు పాడేవాడని చెబుతూ పడుకున్నారు. గొట్టం మాత్రం ఏ రోజూ పెట్టలేదు" అంది.

2008లో మళ్లీ వెళ్లాను, ఈసారి అబూధాబిలో ఇంకో ఇంటికి. అక్కడ కూడా ఒక పెద్దాయన అదే జబ్బుతో ఉన్నాడు. ఇంటివాళ్లు ఆయన అయిపోయాడన్నట్టు చెప్పారు. నేను పెట్టె కింద పెట్టకుండానే, మాత్ర దేంతో వేస్తున్నారని అడిగాను. ఆయన కథ వేరే. ఆయనకు పాలతో ఏ తేడా లేదు. అందుకే ఇది చదివేవాళ్లు డాక్టరును అడక్కుండా ఎవరికీ పాలు మానిపించవద్దు. నేను చెప్పేది పాల సంగతి కాదు. పెద్దవాళ్లు తగ్గుతుంటే మనం ఒకే మాట అనేస్తాం, ‘అయిపోయాడు’ అని. ఏది తగ్గింది, ఎప్పుడు తగ్గింది, తగ్గింది మళ్లీ వచ్చిందా, వస్తే ఆ పూట ఏం జరిగింది అని చూడం. పక్కన కూర్చుని చూసేవాళ్లకే అవి కనబడతాయి. కనబడింది కనబడినట్టు చెబితే చాలు, చదువుకున్నవాళ్లు మిగతాది చూసుకుంటారు. నాకు ఆ చూడడం టీచరమ్మ నేర్పింది. తన ఒంటినే చూపించి నేర్పింది.

ఇక చాలు ఫాతిమా, కలం పక్కన పెట్టు. మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. గబగబా చదవకు, నేను వినాలి.